నూనె చేరే దారి: చిన్న రేసింగ్ ఇంజిన్లలో బేరింగుల సంగతి

(హైదరాబాద్‌లో మోడల్ విమానాల ఇంజిన్లు నడిపేవాళ్ళ ముందు, తయారుచేసేవాళ్ళ ముందు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. బల్ల మీద పెట్టినవన్నీ చిన్న చిన్న వస్తువులు. దగ్గరికొస్తేనే కనిపిస్తాయి.

బాలానగర్ నుంచి వచ్చిన లేతు అన్నలు ఉన్నారు, కాలేజీ పిల్లలు ఉన్నారు, ఆదివారం పూట గ్రౌండులో కంట్రోల్ లైన్ విమానాలు, అంటే తీగలతో పట్టుకుని చుట్టూ తిప్పేవి, ఎగరేసేవాళ్ళు ఉన్నారు. అందరికీ పనికొచ్చే విషయం ఒకటే తీసుకున్నాను. మన చిన్న రేసింగ్ ఇంజిన్లలో బేరింగులు ఎందుకు పోతున్నాయి? వాటికి నూనె ఎట్లా అందుతుంది? అందకపోతే మనం ఏం చేయొచ్చు? ఇంతే. కార్బురేటరు జోలికి పోను, సైలెన్సరు జోలికి పోను. అవి అడగాలనుకున్నవాళ్ళు టీ దగ్గర అడగండి.

ముందు మనం ఎంత వేగం గురించి మాట్లాడుతున్నామో ఒకసారి లెక్కేద్దాం. ఎఫ్2ఎ అని ఉంది కదా, కంట్రోల్ లైన్ స్పీడ్. ఇంజిను 2.5 సీసీ టూ స్ట్రోకు. విమానం గంటకు 300 కిలోమీటర్ల దరిదాపుల్లో తిరుగుతుంది. ఇంజిను నిమిషానికి 40,000 చుట్లు తిరుగుతుంది. 40,000 అంటే సెకనుకు ఎన్ని? 667. ఒక్క చుట్టుకు ఒకటిన్నర మిల్లీసెకను. ఆ ఒకటిన్నర మిల్లీసెకనులోనే పిస్టన్ పైకి వెళ్ళి ఆగాలి, కిందికి వచ్చి ఆగాలి.

స్ట్రోకు 14 మిల్లీమీటర్లు అనుకుందాం, పిస్టన్, దాని పిన్ను కలిపి 4 గ్రాములు అనుకుందాం. పై అంచు దగ్గర దాన్ని ఆపి వెనక్కి లాగడానికి ఎంత బలం కావాలి? కాలేజీ పిల్లలు లెక్క వేసుకోండి, సూత్రం మీకు తెలిసిందే. సుమారు 60 కిలోల బరువంత వస్తుంది. 4 గ్రాముల వస్తువుకు 60 కిలోలు! ఆ బలమంతా ఎక్కడ పడుతుంది? 5 మిల్లీమీటర్ల క్రాంక్ పిన్ను మీద, అంటే పిస్టన్ రాడ్డు తగులుకునే పిన్ను మీద, ఆ పిన్ను చుట్టూ ఉన్న బుష్ మీద, అంటే గొట్టం లాంటి సాదా బేరింగు మీద. సెకనుకు 667 సార్లు.

ఇప్పుడు చెప్పండి, ఈ ఇంజినుకు ఆయిల్ పంపు ఉందా? లేదు. కింద ఆయిల్ సంపు ఉందా? లేదు. ఫిల్టరు ఉందా? లేదు. మన మోటార్ సైకిలు 10,000 చుట్లు తిరిగితేనే దానికి పంపు పెట్టి, గ్యాలరీలు తవ్వి, ప్రెషరుతో నూనె పంపిస్తారు. ఇక్కడ 40,000 తిరిగేదానికి ఏమిస్తున్నాం? ఇంధనంలో కలిపిన నూనె. అంతే.

సరే, ఇంధనంలో నూనె ఎంత? ఎఫ్ఏఐ, అంటే అంతర్జాతీయ వైమానిక క్రీడల సమాఖ్య, స్పీడ్ పోటీల్లో చాలాకాలం నడిచిన ప్రమాణం మీకు తెలుసు: 80 శాతం మిథనాల్, 20 శాతం ఆముదం. పవరు కోసం కలిపే నైట్రోమీథేన్, మనం నైట్రో అనేది, లేదు. 20 శాతం అంటే తక్కువనుకుంటున్నారా? ఒకప్పుడు పాత టూ స్ట్రోక్ స్కూటర్లకు బంకులో లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల 2టీ ఆయిల్ పోయించుకునేవాళ్ళం, గుర్తుందా? మనం లీటరుకు 200 మిల్లీలీటర్లు పోస్తున్నాం. పది రెట్లు. ఇంకోటి, మిథనాల్ పెట్రోలు కంటే రెట్టింపుకు పైగా ఖర్చవుతుంది. పెట్రోలు ఒక పాలుకు గాలి 14.7 పాళ్ళు కావాలి, మిథనాలుకు 6.4 పాళ్ళు చాలు. అంటే అదే గాలికి మిథనాల్ రెట్టింపు పైన పోవాలి. దాంతోపాటు నూనె కూడా రెట్టింపు పైన పోతుంది.

మరి ఇంత నూనె లోపలికి పోతుంటే బేరింగు ఎందుకు ఎండిపోతోంది? బుష్ ఎందుకు అరిగిపోతోంది? ఈ ప్రశ్న దగ్గర కాసేపు ఆగండి. ఎందుకంటే బేరింగు పోగానే మనవాళ్ళలో ఎక్కువమంది చేసే పని ఒకటుంది. నూనె 20 నుంచి 25 చేస్తారు. అప్పటికీ పోతే 28 చేస్తారు. ఇంజిను పొగ కక్కుతుంది, పవరు పడిపోతుంది, ప్లగ్గు తడిసిపోతుంది, బుష్ మాత్రం అట్లాగే అరుగుతుంది. నూనె కొరత ట్యాంకులో లేదు. కొరత ఉన్నది చివరి 3 మిల్లీమీటర్ల దారిలో. క్రాంక్‌కేసులో నూనె మంచులాగా తిరుగుతూనే ఉంది, కానీ పిన్నుకూ బుష్‌కూ మధ్య ఉన్న సందులోకి దిగడంలేదు. ఇవాళ నేను చెప్పేదంతా ఆ 3 మిల్లీమీటర్ల గురించే.

క్రాంక్‌కేసులోకి మిశ్రమం ఎట్లా వస్తుందో చూడండి. బోలు క్రాంక్‌షాఫ్టు గుండా గానీ, వెనక డిస్కు వాల్వు గుండా గానీ వస్తుంది. మిథనాల్ వేడి తగలగానే ఆవిరవుతుంది. ఆవిరవుతూ చాలా వేడిని లాగేసుకుంటుంది, కిలోకు సుమారు 1,100 కిలోజౌల్స్, పెట్రోలుకు అందులో మూడో వంతే. అందుకే ముట్టుకుంటే హెడ్డు కాలుతుంది గానీ క్రాంక్‌కేసు వెనక భాగం చల్లగా ఉంటుంది. బేరింగులకు అది మంచిదే. ఆవిరి అయిపోయాక మిగిలేది సన్నటి నూనె తుంపరలు. తిరిగే క్రాంక్ వెబ్, అంటే పిన్నును మోసే పలక, వాటిని గోడకు విసిరికొడుతుంది. గోడ మీద నూనె పూతలాగా పాకుతుంది. అట్లా పాకి, తుంపరగా పడి, మూడు చోట్లకు చేరాలి: వెనక బాల్ బేరింగు, క్రాంక్ పిన్నును పట్టుకునే కనెక్టింగ్ రాడ్డు పెద్ద కన్ను, ముందు బాల్ బేరింగు.

వెనక బేరింగుకు ఇబ్బంది లేదు, అది క్రాంక్‌కేసులోనే కూర్చుని ఉంది. పెద్ద కన్ను అన్నిటికంటే కష్టంలో ఉంది. ముందు బేరింగుకు మిగిలిందే దక్కుతుంది.

పెద్ద కన్ను దగ్గర మొదలుపెడతాను, ఎక్కువ సేపు అక్కడే ఉంటాను.

బుష్‌లో పిన్ను తిరుగుతున్నప్పుడు రెండు లోహాలూ అసలు తాకకూడదు. మధ్యలో నూనె పొర ఉండాలి. ఆ పొర దానంతటదే ఎట్లా తయారవుతుంది? వానలో బండి వేగంగా పోతుంటే టైరు నీళ్ళ మీద తేలుతుంది చూడండి, అట్లా. పిన్ను తిరుగుతూ నూనెను సన్నబడుతున్న సందులోకి లాక్కుపోతుంది, అక్కడ ప్రెషరు పుడుతుంది, ఆ ప్రెషరు పిన్నును ఎత్తి పట్టుకుంటుంది. పంపు అక్కర్లేదు, తిరగడమే పంపు.

ఇది ఎట్లా బయటపడిందో తెలుసా? 1883. బ్యూచాంప్ టవర్ అని ఇంగ్లండులో ఒక ఇంజినీరు. రైలు పెట్టె ఇరుసు బేరింగు మీద ప్రయోగాలు చేస్తున్నాడు. ఇరుసు కింది భాగం నూనెలో మునిగి తిరుగుతోంది, పైన సగం బేరింగు దాని మీద కూర్చుంది. పై నుంచి కూడా నూనె పోద్దామని బేరింగు నడినెత్తిన ఒక రంధ్రం వేశాడు. మిషను తిప్పాడు. నూనె లోపలికి పోవాలి కదా? పోలేదు. ఆ రంధ్రంలోంచి నూనె పైకి తన్నుకొచ్చింది. బిరడా పెట్టాడు, బిరడా ఎగిరిపోయింది. చెక్క మేకు కొట్టాడు, అదీ బయటికి వచ్చేసింది. ప్రెషర్ గేజి పెట్టి చూస్తే, చదరపు అంగుళానికి 200 పౌండ్లు దాటింది. బేరింగు మీద ఉన్న సగటు బరువు లెక్కకు అది రెట్టింపు కంటే ఎక్కువ! అది చూసి ఆస్బోర్న్ రేనాల్డ్స్ అనే శాస్త్రవేత్త 1886లో దాని లెక్క మొత్తం రాసిచ్చాడు. ఇవాళ ప్రపంచంలో బుష్ బేరింగు డిజైన్ చేసే ప్రతివాళ్ళూ వాడేది ఆ సమీకరణమే.

ఈ కథ నేనెందుకు చెప్పాను? టవర్ రంధ్రం గుర్తు పెట్టుకోండి. బరువు పడే చోట రంధ్రం వేస్తే నూనె లోపలికి రాదు, లోపల ఉన్న నూనె కూడా బయటికి పోతుంది. మనం రాడ్డు కన్నుకు ఆయిల్ హోల్ ఎక్కడ వేస్తున్నాం?

ఇదిగో, ఈ రాడ్డు చూడండి. చేతికి తీసుకుని అటు పంపించండి, పోగొట్టకండి. దీనికి పెద్ద కన్ను పై భాగంలో, రాడ్డు నడుము కలిసే చోట, రంధ్రం వేశారు. నూనె పై నుంచి కారుతుందని వేసి ఉంటారు. చూడ్డానికి సబబుగానే ఉంది. కానీ పిస్టన్ మీద మంట తోసినప్పుడు ఆ తోపు రాడ్డు నడుము గుండా వచ్చి సరిగ్గా ఎక్కడ పడుతుంది? ఆ పై భాగంలోనే! అక్కడ పొర కట్టాలి. అక్కడే రంధ్రం ఉంది. ఇప్పుడు భూతద్దం పెట్టి రంధ్రానికి అటూ ఇటూ చూడండి. బుష్ మెరుపు పోయి, తిరిగే దిక్కున గీతలు పడ్డాయి. రంధ్రానికి దూరంగా, పక్కల్లో, బుష్ కొత్తదానిలాగే ఉంది. నూనె అందకపోతే అంతటా అరగాలి కదా? అంతటా అరగలేదు. పొర ఎక్కడ తెగిపోయిందో అక్కడే అరిగింది.

మరి రంధ్రం ఎక్కడ ఉండాలి? కింది సగంలో. అయితే నట్టడుగున కూడా కాదు, ఆ మధ్య గీత నుంచి కొంచెం పక్కకు. ఎందుకు పక్కకు? రెండు కారణాలు. ఇందాక లెక్కేసిన 60 కిలోలు పై అంచు దగ్గర రాడ్డును సాగదీస్తాయి, అప్పుడు బరువు అడుగు వైపుకు మారుతుంది. రెండోది, కన్ను సాగేటప్పుడు అడుగున వంపు ఒత్తిడి ఉంటుంది. అక్కడ రంధ్రం పెడితే పగులు మొదలవడానికి చోటు చూపించినట్టే. పక్కకు జరిపితే రెండూ తప్పుతాయి. పైగా రాడ్డు అడుగు అటూ ఇటూ ఊగేటప్పుడు ఆ రంధ్రం తుంపరలోకి ఎదురు వెళ్తుంది, నూనెను తనే అందుకుంటుంది.

ఒక మిల్లీమీటరు డ్రిల్లు చాలు. వేసిన తర్వాత అసలు పని మొదలవుతుంది. రంధ్రం లోపలి అంచు, బుష్ వైపు అంచు, కత్తిలాగా ఉంటుంది. అది పిన్ను మీది నూనెను గీకేస్తుంది. ఆ అంచును గుండ్రం చేయాలి. అగ్గిపుల్ల కొసను చెక్కి, మెటల్ పాలిష్ అద్ది, వేళ్ళతో తిప్పుతూ చేయండి. మిషను పెట్టొద్దు. వేలి గోరుతో తడిమితే గోరుకు తగలకూడదు, అప్పుడు అయినట్టు. అన్నా, మీరు నవ్వుతున్నారు గానీ, ఈ పదినిమిషాల పని చేయకుండా ఇచ్చిన రాడ్లు ఎన్ని వస్తున్నాయో మీకూ తెలుసు.

ఇంకో ప్రశ్న వస్తుంది. కారు ఇంజినులో మామూలు షెల్ బేరింగు లక్ష కిలోమీటర్లు నడుస్తుంది, మన టూ స్ట్రోకులో ఎందుకు ఇంత తొందరగా పోతుంది? పంపు లేకపోవడం ఒక్కటే కారణమా? కాదు. ఫోర్ స్ట్రోకులో ఒక చుట్టు విడిచి ఒక చుట్టు, పై అంచు దగ్గర కంప్రెషన్ ఉండదు. అప్పుడు పిస్టన్ రాడ్డును పైకి లాగుతుంది, బరువు అవతలి వైపుకు మారుతుంది, ఇవతలి సందు తెరుచుకుంటుంది, అందులోకి కొత్త నూనె దిగుతుంది. టూ స్ట్రోకులో ప్రతి చుట్టుకూ కంప్రెషన్ ఉంది. పిస్టన్ పైకి లాగబోతుంటే కంప్రెషన్ దాన్ని కిందికి నొక్కేస్తుంది. బరువు ఎప్పుడూ దాదాపు ఒకే వైపు. సందు సరిగ్గా తెరుచుకోదు. నూనె దిగడానికి సందే దొరకదు. మోటార్ సైకిళ్ళ టూ స్ట్రోక్ ఇంజిన్లలో పెద్ద కన్నుకు సన్నటి రోలర్లుండే నీడిల్ బేరింగు పెట్టేది అందుకే. మన 2.5 సీసీలో దానికి స్థలం లేదు, బుష్‌తోనే నెట్టుకురావాలి. కాబట్టి తెరుచుకునే ఆ కాస్త సందులోకి నూనె తొందరగా దిగేలా చూడాలి.

అందుకే క్లియరెన్సు, అంటే పిన్నుకూ బుష్‌కూ మధ్య వదిలే సందు. పుస్తకాల్లో ఒక మోటు లెక్క ఉంటుంది: వ్యాసంలో వెయ్యో వంతు. 5 మిల్లీమీటర్ల పిన్నుకు 5 మైక్రాన్లు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. లేతు అన్నలకు ఇది చాలా ఇష్టం, టైట్‌గా పెడితే పనితనం అంటారు. మన ఇంజినులో అది పనికిరాదు. నూనె ప్రెషరుతో రావడంలేదు, తుంపరగా వస్తోంది, తనంతట తాను పాకి దిగాలి. 20 నుంచి 30 మైక్రాన్లు ఇవ్వండి. అంతకు మించితే కొట్టుకోవడం మొదలవుతుంది, ఆ దెబ్బకే పొర పగులుతుంది. పక్కల కూడా రాడ్డు పిన్ను మీద కొంచెం అటూ ఇటూ జరగాలి, వెబ్‌కు అతుక్కుపోయి ఉండకూడదు. నూనె దిగేది ఆ పక్క సందుల్లోంచి కూడా.

వేడి సంగతి మర్చిపోవద్దు. రాడ్డు అల్యూమినియం, బుష్ బ్రాంజ్, పిన్ను ఉక్కు. మూడూ మూడు రకాలుగా పెరుగుతాయి. 150 డిగ్రీలు పెరిగితే 7 మిల్లీమీటర్ల బుష్ చుట్టూ అల్యూమినియం 5 మైక్రాన్లు ఎక్కువ పెరుగుతుంది. మీరు అంతే ప్రెస్ ఫిట్, అంటే నొక్కి ఎక్కించే బిగువు, ఇచ్చి ఉంటే వేడి మీద ఫిట్ పోయినట్టే, బుష్ కన్నులో తిరగడం మొదలుపెడుతుంది. తిరిగితే ఏమవుతుంది? బుష్‌లో రంధ్రం ఒక చోట, రాడ్డులో రంధ్రం ఇంకో చోట. నూనె దారి మూసుకుపోతుంది. ఇంజిను విప్పినప్పుడు ముందు చూడాల్సింది ఇదే, రెండు రంధ్రాలూ ఎదురెదురుగా ఉన్నాయా? ఫిట్ గట్టిగా ఇవ్వండి, ఇచ్చాక రంధ్రాన్ని సైజుకు తెచ్చే రీమరు మళ్ళీ తిప్పండి, ఎందుకంటే ప్రెస్ చేస్తే బుష్ లోపల కుంచించుకుంటుంది.

పిన్ను నునుపు గురించి ఒక్క మాట. గ్రైండింగు చేసి వదిలేస్తే చాలదు, సన్నటి పొడితో రుద్ది నునుపు తెచ్చే ల్యాపింగు చేయాలి. పొర మందం కొన్ని మైక్రాన్లే. పిన్ను మీది గరుకు పొరను దాటి బయటికి పొడుచుకొస్తే ఎన్ని రంధ్రాలు వేసినా లాభం లేదు.

సరే, బాల్ బేరింగులకు వద్దాం. ఇక్కడ కొంచెం వేగంగా పోతాను, ఎందుకంటే వీటిని మనం చేయం, కొంటాం. రాణిగంజ్‌లో అడిగితే మన సైజులు చాలావరకు దొరుకుతాయి. ఒకప్పుడు మన మౌలాలీలోనే హెచ్ఎంటీ బేరింగులు తయారయ్యేవి, ఆ ఫ్యాక్టరీ మూసేయడానికి 2016లో కేంద్రం నిర్ణయం తీసుకుంది. ఈ ఊరికి బేరింగు కొత్త కాదు.

షాపులో 12 మిల్లీమీటర్ల బోరు బేరింగు ఇవ్వమంటే ఇచ్చేస్తాడు. కానీ లోపల గుండ్లను ఎడంగా పట్టి ఉంచే కేజ్ ఏమిటో అడిగారా? రేకు కేజ్, రివెట్లు కొట్టింది, మామూలు మోటార్లకు బాగానే ఉంటుంది. 40,000 దగ్గర ఆ రివెట్లు నిలవవు. నైలాన్ కేజ్ తేలికే, కానీ 120 డిగ్రీలు దాటితే దానికి ప్రమాదం. వెనక బేరింగుకు ఫినాలిక్ కేజ్ ఉన్నది వెతుక్కోండి, గోధుమ రంగులో ఉంటుంది. తేలిక, వేడికి ఓర్చుకుంటుంది, నూనెను కాస్త పట్టి ఉంచుకుంటుంది కూడా. క్లియరెన్సు సీ3, అంటే మామూలు కంటే వదులుది, తీసుకోండి. రెండు వైపులా రేకు మూతలు ఉన్నవి వెనక బేరింగుకు పనికిరావు. ఆ మూత గ్రీజును లోపల ఉంచడానికి పెట్టింది. మన నూనె మంచు లోపలికి రాకుండా అదే అడ్డం. గ్రీజేమో మిథనాల్ తాకిడికి కొట్టుకుపోతుంది. రెండూ లేకుండా పోతుంది. మూతలు లేనిదే వేయండి.

బిగించేటప్పుడు సుత్తి ముట్టుకోకండి. కేసును ఓవెన్లో 150 డిగ్రీలకు వేడి చేయండి, బేరింగు దానంతటదే జారి కూర్చుంటుంది. సుత్తితో కొట్టారంటే గుండ్లు రింగు మీద గుంటలు పెడతాయి. ఆ గుంటలు కంటికి కనపడవు, 40,000 దగ్గర వినపడతాయి.

ముందు బేరింగు దగ్గర వేరే కష్టం. ప్రొపెల్లరు వైపు ఉంటుంది, దానికి నూనె షాఫ్టు పక్కనున్న సందులోంచే రావాలి. సందు పెంచితే? క్రాంక్‌కేసు ప్రెషరు బయటికి పోతుంది, పవరు పోతుంది. సందు తగ్గిస్తే బేరింగు ఎండుతుంది. దీనికి కొందరు చేసే పని నాకు చాలా నచ్చుతుంది. షాఫ్టుకు చుట్టూ సందు బిగుతుగానే ఉంచి, కేసు లోపల సన్నగా ఒక్క గాడి కొడతారు, ముందు బేరింగు దాకా. ఆ బేరింగు వెనక నుంచి ఇన్‌టేక్ వెంచురీలోకి, అంటే గాలి పీల్చే గొట్టంలోకి, ఒక చిన్న రంధ్రం వేస్తారు. గాడిలోంచి నూనె వస్తుంది, బేరింగును తడుపుతుంది, వెంచురీ పీల్పుకు వెనక్కి ఇంజిన్లోకే పోతుంది. బేరింగులో నూనె నిలవ ఉండదు, కారుతూ ఉంటుంది. ముందు వైపు ఒక్క మూత ఉన్న బేరింగు పెడితే బయటికి పోదు, దుమ్ము లోపలికి రాదు. మన గ్రౌండుల్లో ఎండాకాలం దుమ్ము ఎట్లా ఉంటుందో చెప్పాలా?

ఇక నూనె. ఆముదం. ఇది మన నేల పంట. మహబూబ్‌నగర్, నల్గొండ వైపు మెట్ట పొలాల్లో ఆముదం చెట్లు చూడనివాళ్ళు ఉంటారా? రాజేంద్రనగర్‌లో నూనెగింజల పరిశోధన సంస్థ ఉంది, 1977 నుంచి ఉంది, ఆముదం మీద పనిచేస్తుంది. ప్రపంచంలో ఆముదం ఎక్కువ పండేది మన దేశంలోనే, గుజరాత్‌లో మరీ ఎక్కువ. మొదటి ప్రపంచ యుద్ధంలో నోమ్, లె రోన్ రోటరీ ఇంజిన్లు ఆముదం మీదే ఎగిరాయి, పెట్రోలులో అది సులువుగా కరగదు కాబట్టి.

ఆముదం ఎందుకంత గట్టిది? అందులో 85 నుంచి 90 శాతం రిసినోలియిక్ ఆమ్లం. మామూలు నూనెల్లో లేని ఒక హైడ్రాక్సిల్ గుంపు దాని గొలుసు మధ్యలో ఉంటుంది. దాంతో లోహానికి అతుక్కుంటుంది. పొర పూర్తిగా కట్టని ఆ క్షణంలో, ఇంజిను స్టార్టు అయ్యేటప్పుడు, మిశ్రమం పలచబడినప్పుడు, ఆ అతుక్కున్న పూతే బుష్‌ను కాపాడుతుంది. వేడెక్కితే ఆవిరై పారిపోదు, చిక్కబడి గట్టిపడుతుంది. ఆ గట్టిపడటమే దాని చెడ్డగుణం కూడా. పిస్టన్ మీద గోధుమ రంగు వార్నిష్ కడుతుంది, బేరింగు గుండ్ల మధ్య జిగురవుతుంది.

సింథటిక్ నూనె శుభ్రంగా ఉంటుంది, జిగురు కట్టదు. కానీ ఇంధనం తగ్గి ఇంజిను లీన్ అయిపోయి వేడెక్కినప్పుడు హఠాత్తుగా వదిలేస్తుంది. స్పీడు ఇంజినుకు నా మాట అడిగితే ఆముదమే. ఆదివారం సరదాకు ఎగరేసేవాళ్ళు సింథటిక్‌లో కొంత ఆముదం కలుపుకోండి.

ఏ ఆముదం? తలకు రాసుకునే సీసా కాదు. అందులో సువాసన, రంగు కలుపుతారు. గానుగ పట్టించి తెచ్చింది కూడా కాదు, అందులో జిగురు, తేమ ఉంటాయి. శుద్ధి చేసి, జిగురు తీసిన మొదటి రకం అడగండి. గాజు సీసాలో మిథనాల్‌తో కలిపి ఒక రాత్రి ఉంచండి. తెల్లారి అడుగున తెల్లగా ఏమైనా పేరుకుంటే వాడకండి.

ఆ వెనక తమ్ముడు ఏదో అడుగుతున్నాడు... బండి 2టీ ఆయిల్ వాడొచ్చా అని. మంచి ప్రశ్న. వాడకూడదు, తమ్ముడూ. అది పెట్రోలులో కరగడానికి చేసింది. మిథనాల్‌లో కరగదు, ట్యాంకు అడుగున వేరుగా కూర్చుంటుంది. ఇంజినుకు కాసేపు ఉత్త మిథనాల్ పోతుంది, కాసేపు ఉత్త నూనె పోతుంది. మొదటి కాసేపులోనే రాడ్డు అయిపోతుంది.

మిథనాల్ గురించి ఒక హెచ్చరిక చెప్పి ముందుకు పోతాను. ఇది విషం. నోటితో పైపు పీల్చొద్దు, చేతికి గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. దీని మంట పగటి పూట కంటికి కనపడదు. అనుమతి ఉన్న దుకాణంలోనే కొనండి, పిల్లలకు అందే చోట పెట్టకండి.

ఇప్పుడు మనవాళ్ళు ఎక్కువ మంది పట్టించుకోని భాగం. బేరింగు ఎగిరేటప్పుడే పోతుందని అనుకుంటాం. సగం బేరింగులు బల్ల మీద ఉన్నప్పుడు పోతాయి. మిథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కాలినప్పుడు ఫార్మిక్ ఆమ్లం కొంత పుడుతుంది, నైట్రో వాడేవాళ్ళకు ఇంకా ఘాటైన ఆమ్లాలు. బేరింగు ఉక్కు ఏమిటి? మనవాళ్ళు ఈఎన్ 31 అంటారు. ఒక శాతం కార్బన్, ఒకటిన్నర శాతం క్రోమియం. ఒకటిన్నర శాతంతో స్టెయిన్‌లెస్ అవుతుందా? అవదు. శుభ్రంగా తుప్పు పడుతుంది. జులైలో, ఆగస్టులో మన ఊళ్ళో గాలి ఎట్లా ఉంటుంది? ఎగరేసి తెచ్చి మూల పెడితే వారం లోపల ఇన్నర్ రింగు మీద, గుండు ఎక్కడ ఆనుకుని ఆగిందో అక్కడ, సూది మొన అంత నల్ల చుక్క. అంతే. ఆ చుక్క మీద గుండు సెకనుకు వందలసార్లు పొర్లుతుంది, పెచ్చు లేస్తుంది, ఆ పెచ్చు వెళ్ళి పెద్ద కన్నులో పడుతుంది. బుష్ పోతుంది. మనం నూనె తక్కువైందనుకుంటాం!

కాబట్టి ఎగరేయడం అయిపోయాక ఇంజినును ఇంధనం అయిపోయేదాకా తిప్పేయండి, ట్యూబు నొక్కి ఆపకండి. ట్యాంకు ఖాళీ చేయండి. వేడిగా ఉండగానే పలుచని మెషీన్ ఆయిల్ కొన్ని చుక్కలు వెంచురీలో, ఎగ్జాస్టులో వేసి, ప్లగ్గు తీసి చేతితో తిప్పండి. ప్రొపెల్లరు కిందికి ఉండేలా కాసేపు నిలబెట్టండి, ముందు బేరింగుకు దిగాలి. తర్వాత పడుకోబెట్టి మళ్ళీ తిప్పండి. ఇంటికెళ్ళాక చేద్దాం అనుకోవద్దు, గ్రౌండులోనే చేయండి. చల్లారితే లోపల తేమ చేరిపోతుంది.

పరీక్ష కూడా చెప్తాను. బేరింగును కడిగి, ఆరబెట్టి, నూనె లేకుండా ఇన్నర్‌ను వేలి మీద పెట్టుకుని అవుటర్‌ను మెల్లగా తిప్పండి. గరగరమంటే దుమ్ము, మళ్ళీ కడగండి. ఒకే చోట టిక్కుమంటే చుక్క పడింది, పారేయండి. గాలి గన్ను పెట్టి విర్రున తిప్పొద్దు, నూనె లేని బేరింగును అట్లా తిప్పితే మీరే పాడుచేసినట్టు.

చివరి ప్రశ్న ఎవరిదో... సిరామిక్ గుండ్లు. అవును, వస్తున్నాయి, సిలికాన్ నైట్రైడ్. ఉక్కు సాంద్రత 7.8 అయితే దీనిది 3.2. గుండు తేలికైతే తిరిగేటప్పుడు బయటికి నొక్కే బలం సగానికి పైగా తగ్గుతుంది, వేడి తగ్గుతుంది, నూనె కాస్త తగ్గినా ఓర్చుకుంటుంది. వెనక బేరింగుకు నిజంగా మేలు చేస్తాయి. కానీ గుండ్లే సిరామిక్, రింగులు ఉక్కే. రింగు తుప్పు పడితే గట్టి గుండు దాన్ని ఇంకా తొందరగా తినేస్తుంది. సాయంత్రం నూనె వేసే అలవాటు లేనివాళ్ళకు అది డబ్బు దండగ. అలవాటు ఉన్నవాళ్ళు వెనక ఒక్కటి పెట్టండి, ముందుదానికి మామూలు ఉక్కుది చాలు. మిగిలిన డబ్బుతో ఒక మంచి 5 మిల్లీమీటర్ల రీమరు కొనుక్కోండి, దాంతోనే ఎక్కువ పని ఉంటుంది.